రీసెట్ కొట్టే ముందు ఒక్కమాట అడగండి

సెల్‌ఫోన్ దుకాణాలు నడిపేవారికి, రిపేరు బల్లల దగ్గర కూర్చునే మెకానిక్కులకు



హైదరాబాదు ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ కొట్ల దగ్గర్నుంచి, మండల కేంద్రంలో బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఒక హీట్ గన్, ఒక మైక్రోస్కోపు పెట్టుకుని పని చేసుకునే కుర్రాడి దాకా మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ల కంపెనీలకు రాయొచ్చు, ప్రభుత్వానికీ రాయొచ్చు. కానీ మా ఊరి మనిషి ఫోను చేతిలోకి తీసుకునేది మీరు. అందులో ఏది మిగలాలో, ఏది పోవాలో తేలేది మీ బల్ల మీదే. అందుకే మీకు రాస్తున్నాను.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. సాయంత్రం బడి వదిలాక చుట్టుపక్కలవాళ్లు ఫోన్లు పట్టుకుని వస్తుంటారు. "నెంబర్లన్నీ పోయాయి టీచరమ్మా, మళ్లీ వస్తాయా?" అని అడుగుతారు. చాలాసార్లు రావు. ఎలా పోయాయని ఆరా తీస్తే దాదాపు అందరిదీ ఒకటే కథ. ఫోను హ్యాంగ్ అవుతోందనో, ప్యాటర్న్ మర్చిపోయామనో, కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతోందనో షాపుకి పట్టుకెళ్లారు. అక్కడ రీసెట్ కొట్టారు. ఫోను శుభ్రంగా పనిచేస్తోంది. లోపల మాత్రం ఒక్క పేరు లేదు, ఒక్క మెసేజ్ లేదు.

నేను కోరేది ఇది. ఫోను అమ్మేటప్పుడు, బాగుచేసేటప్పుడు, పాతది తీసుకుని కొత్తది ఇచ్చేటప్పుడు అందులోని పేర్లనూ మెసేజీలనూ భద్రంగా దాటించడం మీ పనిలో భాగంగా పెట్టుకోండి. ఊరికే చేయమని అడగడం లేదు. టెంపర్డ్ గ్లాసుకి రేటున్నట్టే, చార్జింగ్ పిన్నుకి రేటున్నట్టే దీనికీ ఒక రేటు పెట్టండి, బోర్డు మీద రాయండి. మనిషి ఇస్తాడు. డబ్బు ఇచ్చి చేయించుకునే పని ఒకటుందని ఇంతవరకూ అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మా వీధిలో పాలు పోసే ఆవిడ ఒకరున్నారు. చదువు రాదు. కూతురు ఆమె ఫోనులో నెంబర్లన్నీ బొమ్మలతో సేవ్ చేసి పెట్టింది. పాలకేంద్రానికి ఆవు బొమ్మ. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి విమానం. ఆశా వర్కరుకి సూది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి మంట. చెల్లెలికి ఎర్రపువ్వు. ఆ బొమ్మలే ఆమెకు అక్షరాలు. ఎవరి సాయం లేకుండా ఎవరికి కావాలంటే వాళ్లకి ఫోన్ చేసుకునేది. ఫోను మరీ నెమ్మదించిందని షాపుకి ఇచ్చింది. అక్కడి అబ్బాయి శ్రద్ధ ఉన్నవాడే. రీసెట్‌కి ముందు నెంబర్లన్నీ సిమ్‌లోకి కాపీ చేశాడు. ఒక్క నెంబరు కూడా పోలేదు. కానీ బొమ్మలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు వచ్చాయి. పై నుంచి కింద దాకా డబ్బాలు, వాటి పక్కన అంకెలు. ఆమె వరసలో మూడో డబ్బా నొక్కి చూసింది, కొడుకు అనుకుని. ఎత్తింది ఎరువుల కొట్టాయన. ఆ తర్వాత ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడల్లా మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. కూతురు సెలవులకి వచ్చి బొమ్మలన్నీ మళ్లీ పెట్టేదాకా అంతే.

ఆ అబ్బాయి చేసింది ఇప్పటికీ చాలామంది చేసే పనే. సిమ్‌లో వేస్తే భద్రం అన్న నమ్మకం కీప్యాడ్ ఫోన్ల కాలం నుంచీ ఉంది. సిమ్‌లో చోటెంత? మామూలుగా 250 పేర్లు, కొన్ని సిమ్‌లలో 500. ఒక పేరు కింద ఒక నెంబరు. మనిషికి రెండు నెంబర్లుంటే రెండోది విడిగా ఇంకో పేరుగా పడుతుంది, లేదా పోతుంది. ఫోటో ఎక్కదు, ఊరి పేరు ఎక్కదు, పుట్టినరోజు ఎక్కదు. పేరు రాసుకోవడానికిచ్చే జాగా కూడా ఇరుకే. తెలుగులో అది ఇంకా ఇరుకు. మనకి గుణింతం గుర్తుకీ, వత్తుకీ, సున్నకీ దేనికది విడి చోటు కావాలి. వెంకటేశ్వరరావు అని రాస్తే కంటికి కనిపించేవి ఏడు అక్షరాలే, కానీ ఫోను లెక్కలో అవి 14. పైగా చాలా ఫోన్లు తెలుగుకి రెట్టింపు జాగా వాడతాయి. అందుకే సిమ్‌లోకి వెళ్లిన వెంకటేశ్వరరావు సగంలో తెగి 'వెంకటే' దగ్గర ఆగిపోతాడు. మన ఊళ్లలో వెంకటే అని మొదలయ్యేవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. తెలుగులో పేర్లు సేవ్ చేసుకునే అలవాటు ఇప్పుడిప్పుడే పెద్దవాళ్లలో పెరుగుతోంది. సిమ్ కాపీ ఆ అలవాటుని మొదట్లోనే దెబ్బ కొడుతోంది.

కాంటాక్ట్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే వీసీఎఫ్ ఫైలు సిమ్ కంటే ఎన్నో రెట్లు నయం. పేరు పూర్తిగా ఉంటుంది, రెండు మూడు నెంబర్లుంటాయి, చాలా ఫోన్లలో ఫోటో కూడా వస్తుంది. మీ కంప్యూటర్లో ఉంచుకోకుండా మనిషి మెమరీ కార్డులోనో, అతని మెయిల్‌లోనో వేసేయొచ్చు. అయితే ఇక్కడా తెలుగుకి ఒక గండం ఉంది. పాతరకం వీసీఎఫ్‌లో తెలుగు అక్షరాలు నేరుగా ఉండవు. ఒక్కో గుర్తునీ సమానం గుర్తులూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపిన కోడుగా మార్చి రాస్తుంది. దాన్ని సరిగా చదవలేని ఫోనులో వేస్తే పేర్లకి బదులు ఆ కోడే బారులు తీరి కనిపిస్తుంది. కాబట్టి ఫైలు ఎక్కించాక మూడు నాలుగు తెలుగు పేర్లు తెరిచి చూసి అప్పుడు ఫోను చేతికివ్వండి. అర నిమిషం పని.

అసలు ఈ నష్టమంతా ఫోను కొన్న రోజునే మొదలవుతుంది. కొత్త ఫోనులో మొదటి పేరు సేవ్ చేయబోతే ఎక్కడ దాచమంటావని అడుగుతుంది: ఫోనులోనా, సిమ్‌లోనా, గూగుల్ ఖాతాలోనా? ఆ ప్రశ్న మామూలుగా ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చేర్చే ప్రతి పేరూ ఆ మొదటి జవాబు చెప్పిన చోటికే వెళ్తుంది. దానికి జవాబు చెప్పేది ఎక్కువగా మీ కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు, హడావుడిలో, ఏది ముందు కనిపిస్తే అది నొక్కి. ఫోను అని నొక్కితే పేర్లన్నీ ఆ ఒక్క ఫోనులోనే ఉంటాయి. అది నీళ్లలో పడినా, బస్సులో పోయినా, మీ బల్ల మీద రీసెట్ అయినా వాటికి ఇంకో చోటు లేదు. గూగుల్ అని నొక్కితే ఖాతాలోకి వెళ్తాయి, 25,000 పేర్ల దాకా చోటుంటుంది. పొరపాటున తీసేసినా 30 రోజుల దాకా బిన్‌లో ఉంటాయి. పాత ఫోన్లు చేతికొచ్చినప్పుడు కూడా సెట్టింగ్స్‌లో గూగుల్ కాంటాక్ట్స్ సింక్‌లోకి వెళ్లండి, ఫోనులో ఉన్న పేర్లని కూడా ఖాతాకి ఎక్కించే మీట ఒకటుంటుంది, అది ఆన్ చేయండి. నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమతో ఇంత మేలు చేసే పని మీ బల్ల మీద ఇంకొకటి లేదు.

ఖాతా అనగానే అంతకంటే పెద్ద సంగతి ఒకటి వస్తుంది. జీమెయిల్ లేకుండా ఫోను ముందుకి వెళ్లదని, కొనుక్కున్నాయనకి అదేంటో తెలియదని, కొన్ని షాపుల్లో షాపు జీమెయిలే వేసి ఫోను తెరిచి ఇచ్చేస్తున్నారు. అదే ఖాతా తర్వాతి ఫోనుకీ, ఆ తర్వాతి దానికీ. ఏం జరుగుతుందో చూడండి. ఆ ఖాతాతో తెరిచిన ఫోన్లన్నిటిలో పేర్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్లిపోతాయి. ఈ ఊరి అమ్మాయి నెంబరు, తెలియని ఊళ్లో తెలియని మగవాడి ఫోనులో, పేరుతో సహా కనిపిస్తుంది. వాళ్లలో ఒకరు "ఇవెవరి నెంబర్లో" అనుకుని అన్నీ తుడిచేస్తే అందరి ఫోన్లలోంచీ మాయమవుతాయి. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోవడమే సింక్ అంటే. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు తమ జీమెయిలే అమ్మ ఫోనులో వేసి వెళ్లే ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. కొడుకు ఆఫీసువాళ్ల పేర్లు అమ్మకి అడ్డం, అమ్మ తీసేస్తే కొడుక్కి నష్టం. దయచేసి మనిషికో ఖాతా తెరవండి. తెరిచాక పాస్‌వర్డ్ తెలుగులో చదివి చెప్పి, ఆయన చేతే కాగితం మీద రాయించి, బిల్లుతో పాటు ఇంట్లో బీరువాలో పెట్టుకోమనండి. మీ దగ్గర ఉంచుకోవద్దు. రికవరీ నెంబరుగా మీ షాపు నెంబరు ఇవ్వొద్దు, ఇంట్లో ఇంకొకరిది ఇవ్వండి.

ఆ పాస్‌వర్డ్ లేకపోతే ఏమవుతుందో మీకు బాగా తెలుసు. ఎఫ్ఆర్‌పీ లాక్ అని మీరు రోజూ అనే మాటే. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, అంటే 2015 నుంచి, రీసెట్ కొట్టిన ఫోను పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం అది. షాపులో ఎవరో తెరిచిన ఖాతా, ఎవరికీ గుర్తులేని పాస్‌వర్డ్, ఇప్పుడు సొంతదారునే బయట నిలబెడుతోంది. తన ఫోనుని తానే అన్‌లాక్ చేయించుకోవడానికి ఆయన మళ్లీ మీకే డబ్బు కడుతున్నాడు. ఇది న్యాయం కాదని మీలో చాలామందికి లోపల తెలుసు.

ఇక రీసెట్ సంగతి. అది ఆఖరి మందు కావాలి. మొదటి మందుగా ఎందుకు మారిందో నాకు అర్థం కాకపోలేదు. రద్దీ ఉంటుంది, బయట జనం నిలబడి ఉంటారు, రీసెట్ పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ మీలో చేయి తిరిగినవాళ్లు ముందు ఏం చేస్తారో నేను చూశాను. టచ్ పోయి డిస్‌ప్లే కనిపిస్తుంటే ఓటీజీ కేబుల్‌కి మామూలు కంప్యూటర్ మౌస్ తగిలిస్తారు. తెర మీద బాణం గుర్తు వస్తుంది. దాంతోనే ప్యాటర్న్ గీసి, పేర్లూ ఫోటోలూ బయటికి తీసి, ఆ తర్వాతే విప్పుతారు. డిస్‌ప్లే కూడా పోతే ముందు డిస్‌ప్లే, టచ్ కలిసిన కాంబో మార్చి, ఫోను తెరుచుకున్నాక బ్యాకప్ తీస్తారు. శాంసంగ్ ఫోను లోగో దగ్గర ఆగిపోతే సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు డేటా తుడిచేసే సీఎస్‌సీ కాకుండా హోమ్ సీఎస్‌సీ ఫైలు ఎంచుకుంటారు, డేటా చెక్కుచెదరకుండా చాలాసార్లు ఫోను లేస్తుంది. ఫైలు ఎంచుకునే ఆ ఒక్క క్షణంలో ఒక కుటుంబం పదేళ్ల పేర్లు మిగలడమో పోవడమో తేలిపోతుంది. ప్యాటర్న్ మర్చిపోయిన శాంసంగ్ ఫోనుకి శాంసంగ్ ఖాతా ఉండి, రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే రీసెట్ అవసరమే రాదు. ఏ దారీ లేనప్పుడు కూడా రీసెట్‌కి ముందు, మనిషి జీమెయిల్‌తో ఇంకో ఫోనులోనో కంప్యూటర్లోనో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి పేర్లు అక్కడున్నాయో లేవో చూడండి. ఉంటే ఆయన గుండె నిబ్బరంగా ఒప్పుకుంటాడు. లేకపోతే ఏం పోతుందో తెలిసి ఒప్పుకుంటాడు. ఆ తేడా చాలా పెద్దది.

పాతరోజుల్లో బోర్డు పోయినా చిప్పు పీకి డేటా తీసిన అనుభవం మీలో పెద్దవాళ్లకి ఉంటుంది. ఆండ్రాయిడ్ 10తోనో ఆ తర్వాతో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లన్నిటిలో డేటా తాళం వేసే ఉంటుంది. మెమరీ చిప్పు ఒక్కటే పీకి ఇంకో బోర్డుకి వేస్తే తెరుచుకోదు. కాబట్టి ఫోను ప్రాణంతో ఉన్నప్పుడు తీసిందే డేటా. బ్యాటరీ ఉబ్బి వచ్చిన ఫోను, మాటిమాటికీ ఆగిపోతున్న ఫోను చేతికొస్తే ముందు అడగాల్సింది "బ్యాకప్ ఉందా?" అనే.

వాట్సాప్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాటలన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన ఇళ్లలోకి వెళ్లి చూడండి. అక్కడ ఉత్తరం రాసేవాళ్లు లేరు. భర్త రాత్రి డ్యూటీ దిగి వాయిస్ మెసేజ్ పెడతాడు, భార్య పొద్దున్నే విని జవాబు పెడుతుంది. పిల్ల మొదటిసారి "నానా" అన్న వాయిస్ అందులో ఉంటుంది. ఎవరికి ఎంత అప్పు తీర్చిందీ, ఏజెంటుకి ఎంత కట్టిందీ అందులోనే ఉంటుంది. వీసా కాగితం ఫోటో, పాస్‌పోర్టు ఫోటో అందులోనే ఉంటాయి. ఏజెంటు మోసం చేశాడని పోలీసు స్టేషన్‌కి వెళ్తే చూపించడానికి ఆమె దగ్గరున్నది ఆ చాటే.

అది పోయేది ఎక్కడో మీకు తెలుసు. కొత్త ఫోనులో వాట్సాప్ వేసి నెంబరు కొట్టాక, పాత బ్యాకప్ దొరికింది తెచ్చుకుంటావా అని అడుగుతుంది. పక్కన స్కిప్ అని ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉందని, టైమ్ పడుతుందని స్కిప్ నొక్కేస్తారు. మళ్లీ అడగదు. ఆ తర్వాత కొత్త బ్యాకప్ తీసినప్పుడు ఖాళీ చాట్‌లే గూగుల్ డ్రైవ్‌లోని పాతదాని స్థానంలోకి వెళ్తాయి. స్కిప్ నొక్కిన సంగతి వెంటనే తెలిస్తే వాట్సాప్ తీసేసి, అదే నెంబరు, అదే గూగుల్ ఖాతాతో మళ్లీ వేస్తే బ్యాకప్ ఇంకా దొరకొచ్చు. వారం తర్వాత నా దగ్గరికి వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకని కౌంటర్ దగ్గర నేర్చుకుంటున్న పిల్లలకి ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి: స్కిప్ నొక్కే హక్కు మనది కాదు, ఫోను సొంతదారుది.

బ్యాకప్ ఉందనుకున్నవాళ్లకి కూడా చాలామందికి ఉండటం లేదు. 2024 మొదట్లో వాట్సాప్ బ్యాకప్‌ని కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో కలిపేశారు. గుడ్ మార్నింగ్ వీడియోలతో ఆ చోటు నిండిపోయి, ఎన్నో నెలల కింద ఆగిపోయిన బ్యాకప్‌లు కనిపిస్తున్నాయి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిస్తే ఆఖరిసారి ఎప్పుడు తీసిందో తేదీ ఉంటుంది. ఆ తేదీ చూడకుండా ఫోను మీద చేయి వేయకండి. చోటు చాలకపోతే వీడియోలు కలపకుండా తీసే వీలుంది. మాటలూ ఫోటోలూ వాయిస్‌లూ వస్తాయి, చాలు. రెండు ఫోన్లూ పనిచేస్తూ పక్కపక్కనే ఉంటే డ్రైవ్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి క్యూఆర్ కోడు చూపించి చాట్‌లు నేరుగా దాటించే పద్ధతి 2023లో వచ్చింది. బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లుంటారు, అది గుర్తుందా అని ముందే అడగండి. లేకపోతే ఆ బ్యాకప్ ఎవరికీ తెరుచుకోదు.

మనిషి చనిపోయిన ఇంటినుంచి ఫోను వచ్చినప్పుడు ఇంకా నెమ్మదిగా చేయండి. రీచార్జ్ దండగని కొడుకు ఆ సిమ్ వదిలేస్తాడు. వదిలేసిన నెంబరు కనీసం 90 రోజులు ఇంకెవరికీ ఇవ్వరని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకి చెప్పింది. ఆ తర్వాత అది వేరేవాళ్లది కావచ్చు. అప్పుడిక ఆ వాట్సాప్‌ని కొత్త ఫోనులో తెరవడానికి ఓటీపీ వచ్చే దారి లేదు. చనిపోయినాయన భార్య ఆ ఫోను అమ్మడానికి తెచ్చినా, మనవడికి ఇవ్వడానికి రీసెట్ చేయమన్నా, "ఆయన మెసేజీలు, వాయిస్‌లు తీసి ఉంచమంటారా అమ్మా?" అని అడగండి. చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ నొక్కితే మాటలు ఒక ఫైలుగా, వాయిస్‌లు విడిగా వస్తాయి. మళ్లీ వాట్సాప్‌లోకి ఎక్కవు కానీ చదువుకోవచ్చు, వినొచ్చు. కొడుకు మెయిల్‌కి పంపేస్తే ఉంటాయి.

మామూలు మెసేజీలని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఓటీపీలూ, లోన్ ఇస్తామన్న ప్రకటనలూ తప్ప ఏముంటాయి అంటారు. రైతు ఫోను తెరిచి చూడండి. పంట రుణం జమైనట్టు బ్యాంకు పంపింది, ధాన్యం డబ్బు పడినట్టు వచ్చింది, పింఛను పడినట్టు వచ్చింది, బీమా కట్టినట్టు వచ్చింది. బ్యాంకులో మాట తేడా వచ్చినప్పుడు తేదీతో సహా చూపించడానికి ఆయన దగ్గరున్నది అదే. చోటు చాలడం లేదని సెలెక్ట్ ఆల్ కొట్టి తుడిచేసే ముందు పంపినవాళ్ల పేరు చివరి అక్షరం చూడండి. పీ ఉంటే ప్రచారం, తీసేయొచ్చు. టీ ఉంటే లావాదేవీ, ఎస్ ఉంటే సేవ, జీ ఉంటే ప్రభుత్వం. వాటి జోలికి వెళ్లొద్దు. దాటించడానికి శాంసంగ్ స్మార్ట్ స్విచ్, షావోమీ మి మూవర్, ఒప్పో, రియల్‌మీల క్లోన్ ఫోన్, వివో ఈజీషేర్ మెసేజీలని కూడా తీసుకెళ్తాయి. లేదంటే ఎస్ఎంఎస్ బ్యాకప్ అండ్ రీస్టోర్ అనే యాప్ ఉంది. తిరిగి ఎక్కించేటప్పుడు కాసేపు అదే ప్రధాన మెసేజ్ యాప్ అవుతుంది, పని కాగానే పాతదాన్ని మళ్లీ పెట్టడం మర్చిపోకండి. గూగుల్ బ్యాకప్‌లో కూడా మెసేజీలుంటాయి కానీ రెండు మెలికలున్నాయి. ఫోను వాడకుండా 57 రోజులు ఉంచితే ఆ బ్యాకప్ తీసేస్తారు. పై వెర్షన్ ఆండ్రాయిడ్‌లో తీసిన బ్యాకప్ కింది వెర్షన్ ఫోనులోకి ఎక్కదు. రిపేరుకిచ్చి రెండు నెలలు మర్చిపోయిన ఫోన్లు మీ డ్రాయర్లలో ఉంటాయి కదా, వాటి సంగతి ఆలోచించండి.

సిమ్ మార్చే పని కూడా మీలో చాలామంది చేస్తున్నారు. నెంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతా 2011 జనవరి 20న వచ్చింది. నెంబరు వస్తుంది, పాత సిమ్‌లోని పేర్లు రావు, ఎందుకంటే అవి ఆ ముక్క మీదే ఉన్నాయి. 4జీ సిమ్‌కి మారినా అంతే. సిగ్నల్ పోయిన పాత సిమ్‌ని కూడా ఫోనులో పెడితే అందులోని పేర్లు కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు. దాన్ని మనిషి కళ్లముందే చెత్తబుట్టలో పడేయకండి. కీప్యాడ్ ఫోన్ల పెద్దవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ల పేర్లలో కొన్ని ఫోనులో, కొన్ని సిమ్‌లో ఉంటాయి. రెండూ చూడాలి.

ఎక్స్చేంజ్ ఫోన్ల విషయంలో నాది ఒకటే విన్నపం. పాత ఫోను తీసుకున్న రోజే తుడిచేయకండి. మనిషి ఇంటికెళ్లి, కొత్తదాంట్లో అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని వచ్చేదాకా కనీసం వారం పక్కన పెట్టండి. ఆ వారం ఫోను మూసే ఉంచాలి. గ్యాలరీ తెరవడం, చాట్‌లు చదవడం మీ పని కాదు. ఆడవాళ్లు రిపేరుకి ఫోను ఇవ్వడానికి భయపడేది ఇందుకే, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ అని ఉంది, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంది. అది ఆన్ చేసి ఇస్తే మీరు స్పీకరూ టచ్చూ అన్నీ పరీక్షించుకోవచ్చు, సొంతదారు డేటా మాత్రం కనిపించదు. ఫోను తీసుకునేటప్పుడు మీరే అది ఆన్ చేయించి చూడండి. ఆ అమ్మాయి తర్వాత తన స్నేహితురాళ్లని కూడా మీ షాపుకే పంపిస్తుంది.

రిపేరుకి ఇచ్చేటప్పుడు చాలాచోట్ల ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. డేటా పోతే మా బాధ్యత లేదని సన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. చదివి సంతకం పెట్టినవాళ్లని నేను చూడలేదు. ఆ కాగితం ఉండనివ్వండి, దాని పైన పెద్ద తెలుగు అక్షరాల్లో కొన్ని ప్రశ్నలు అచ్చు వేయించండి. నెంబర్లు ఎక్కడ సేవ్ అయి ఉన్నాయి? వాట్సాప్ ఆఖరి బ్యాకప్ తేదీ ఏమిటి? జీమెయిల్ ఎవరిది, పాస్‌వర్డ్ తెలుసా? రీసెట్ తప్పదంటే ముందు డేటా తీయాలా, తీస్తే ఎంత? జవాబులు మీరే రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి.

రేటు ఎంతన్నది మీరే తేల్చుకోండి. నెంబర్లు ఒక్కటే అయితే తక్కువ, వాట్సాప్‌తో కలిపి అయితే ఎక్కువ, టచ్ పోయిన ఫోను నుంచి మౌస్ పెట్టి తీయాలంటే ఇంకా ఎక్కువ. మీ ఊళ్లో సెల్ షాపుల అసోసియేషన్ ఉంటే వచ్చే మీటింగులో ఇది మాట్లాడి, అన్ని షాపుల్లో ఒకటే రేటు పెట్టుకోండి. ప్రశ్నల కాగితం తెలుగులో రాసిపెట్టడానికి మనిషి కావాలంటే దగ్గర్లోని బడికి రండి. మేం టీచర్లం రాసిస్తాం. తొమ్మిది, పది చదివే పిల్లలకి వీసీఎఫ్ తీయడం, చాట్ బ్యాకప్ తేదీ చూడటం నేను నేర్పుతున్నాను. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు వాళ్లే చూసి, ఏవి మీ దగ్గరికి తేవాలో చెబుతారు.

ఇట్లు,
మీ షాపులకి తరచూ వచ్చే ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు